శాసనాలు చదివిన ఉపాధ్యాయుడు – గిడుగు రామమూర్తి

బరంపురం, పర్లాకిమిడి, శ్రీకాకుళం మద్రాసు రాజధానిలోని ఒకే గంజాం జిల్లాలో ఉన్న రోజులలో, 1863 ఆగస్టు 29న, వంశధారా తీరాన శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపంలోని పర్వతాలపేటలో గిడుగు వెంకట రామమూర్తి జన్మించారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయి, విజయనగరంలో మెట్రిక్యులేషన్ ముగించి, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులయ్యారు. వాడుక భాషోద్యమ సారథిగా వారిని ఎరుగని తెలుగువారు లేరు. శాసన పరిశోధకులుగా మాత్రం ఎరిగినవారు తక్కువ.

విద్యార్థులకు చరిత్ర బోధిస్తూ, ఆ చరిత్రకు ఆధారాలు తమ ఊరి చేరువలోనే ఉన్నాయని వారు గ్రహించారు. ముఖలింగ దేవాలయ శిలలపై ఉన్న ప్రాచీన లిపిని స్వయంకృషితో నేర్చుకున్నారు.

కళింగ గాంగుల రాజధాని కళింగనగరం ఎక్కడిదన్నది ఆనాటి పెద్ద ప్రశ్న. పేరులోని పోలికను బట్టి ఫ్లీటు వంటి పండితులు సముద్రతీరాన ఉన్న కళింగపట్నమే అది అన్నారు. రామమూర్తిగారు పేరుతో తృప్తి పడలేదు. దేవాలయ శాసనాలను, ముఖలింగానికీ పొరుగున ఉన్న నగరికటకానికీ నడుమ పరచుకొన్న శిథిలాలను కలిపి పరిశీలించి, ముఖలింగమే కళింగనగరమని నిర్ణయించారు. పండితలోకం ఆ నిర్ణయాన్నే అంగీకరించింది.

వజ్రహస్తుని నడగాం తామ్రశాసనాన్ని పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికా నాల్గవ సంపుటిలో ప్రకటించారు. రాజు పట్టాభిషేక సంవత్సరం అందులో సంకేత పదాలలో ఉంది. ఆకాశం సున్న, ఋతువులు ఆరు, నిధులు తొమ్మిది. కుడి నుండి ఎడమకు కూర్చితే శకం 960, అనగా క్రీ.శ. 1038. శుక్ల తదియ, ఆదివారం, రోహిణీ నక్షత్రం అని కూడా చెప్పి ఉన్నందున, లెక్క తప్పితే పంచాంగ గణితమే పట్టి ఇస్తుంది. ఇటువంటి స్థిరమైన తేదీల మీదనే గాంగుల వంశక్రమం నిలబడింది.

ఇదే నిశిత దృష్టిని వారు సవరల భాష మీదికి మళ్ళించారు. కొండలలో తిరిగి, వారి నోట విన్నదే వ్రాసుకొని, 1931లో సవర వ్యాకరణాన్ని, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించారు. మన్యపు జ్వరానికి సేవించిన క్వినైను వారి వినికిడిని హరించింది. పలుకులు వినడమే వ్రతమైన మనిషికి ఇంతకన్న కష్టం ఏముంటుంది?

1936లో పర్లాకిమిడి ఒడిశా రాష్ట్రంలో చేరగా, అర్ధశతాబ్దికి పైగా నివసించిన ఊరిని విడిచి రాజమహేంద్రవరం చేరారు. 1940 జనవరి 22న మద్రాసులో పరమపదించారు.