వేపచేదు గుట్టు విప్పిన సిద్ధిఖీ గారు

ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం రాయమని మన కార్యదర్శి గారు అడగగా, డాక్టర్ సలీముజ్జమాన్ సిద్ధిఖీ గారిని ఎంచుకున్నాను. మనకు వేపపుల్ల తెలుసు, ఉగాది పచ్చడిలో వేపపువ్వు తెలుసు, ఆటలమ్మ పోసినప్పుడు పరిచే వేపమండలు తెలుసు. ఆ చేదులో ఏముందో విడదీసి చూపినవారు ఈయన.

వీరు 1897 అక్టోబరు 19న నేటి ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీ జిల్లాలో జన్మించారు. అలీగఢ్‌లో చదివి, జర్మనీ వెళ్ళి, 1927లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో రసాయనశాస్త్రంలో డాక్టరేటు పొందారు. ఆయన చదువుకు అండగా నిలిచినవారు ప్రసిద్ధ యునానీ వైద్యులు హకీం అజ్మల్ ఖాన్ గారు. ఆ సంవత్సరం డిసెంబరులోనే హకీం గారు కన్నుమూశారు. ఢిల్లీ తిబ్బియా కళాశాలలో పరిశోధన సాగించిన సిద్ధిఖీ గారు, 1931లో సర్పగంధ వేరునుండి తీసిన పదార్థానికి అజ్మలీన్ అని పేరుపెట్టి ఆ ఋణం తీర్చుకున్నారు. గుండె లయ తప్పినప్పుడు వాడే మందుగా అది తరువాత పేరుపొందింది.

1942లో వేపనూనెను రకరకాల ద్రావకాలతో వేరుచేస్తూ నింబిన్, నింబినిన్, నింబిడిన్ అనే మూడు చేదు పదార్థాలను వెలికితీశారు. కొన్ని సూక్ష్మజీవులనూ బూజులనూ వేప పదార్థాలు అణచగలవని తరువాతి ప్రయోగాలు చూపాయి. అంతమాత్రాన మనవలకు వేపనూనె తాగించకూడదు సుమా! పసిపిల్లలకు అది విషమై ప్రాణం మీదికి రావచ్చు.

1951లో ఆయన పాకిస్తాన్ వెళ్ళారు. 1961లో లండన్ రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. 1966లో అక్కడి ప్రభుత్వ పరిశోధన మండలి నుండి పదవీ విరమణ చేశారు. మనమైతే పెన్షన్ కాగితాలు సర్దుకుంటాం. ఆయన మరుసటి ఏడాదే కరాచీ విశ్వవిద్యాలయంలో కొత్త పరిశోధన సంస్థకు శ్రీకారం చుట్టి, 1990 వరకు దాన్ని నడిపారు. 1994 ఏప్రిల్ 14న, 96వ ఏట తనువు చాలించారు.

అదే సంవత్సరం సెప్టెంబరులో, వేపనూనెతో బూజును అరికట్టే పద్ధతిపై ఒక అమెరికా కంపెనీకీ ఆ దేశ వ్యవసాయ శాఖకూ ఐరోపాలో పేటెంటు లభించింది. మన దేశంలో అది ముందే తెలిసిన పద్ధతని వాదించగా 2000లో రద్దయింది. 2005లో అప్పీలు కూడా వీగిపోయింది. తెలిసినదాన్ని కాగితం మీద పెట్టడం ఎంత అవసరమో గుమాస్తాగా పనిచేసిన నాకు వేరే చెప్పనక్కరలేదు.

నాకిప్పుడు 74. ఆ వయసులో సిద్ధిఖీ గారు తన రెండవ ఉద్యోగానికి ఇంకా పునాదులే వేస్తున్నారు. మన సభ్యులు కూడా తమకు తెలిసిన పని ఏదో ఒకటి నలుగురు పిల్లలకు నేర్పాలని నా మనవి.