చదువులకు తోడు – దుర్గాబాయి దేశ్‌ముఖ్

ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాలలో తెలుగునాట ఆడపిల్ల చదువు సాధారణంగా ప్రాథమిక పాఠశాల గడప దాటేది కాదు. పసితనంలోనే పెళ్ళి, ఆపై ఇంటిచాకిరి, ఆడపిల్లను ఒంటరిగా పొరుగూరికి పంపడానికి పెద్దల జంకు, పంపినా అక్కడ తలదాచుకొనేందుకు వసతి లేకపోవడం... ఇవన్నీ కలిసి ఆమె చదువుకు అడ్డుగోడగా నిలిచేవి. ఆ గోడను తాను దాటి, తనతోపాటు పదిమందిని దాటించడానికి జీవితమంతా శ్రమించిన విదుషీమణి దుర్గాబాయి. స్వాతంత్ర్య సమరయోధురాలిగా, రాజ్యాంగ నిర్మాతలలో ఒకరిగా ఆమె కీర్తి లోకవిదితమే. ఆమె నడిపిన బాలికా సంఘాల చరిత్ర మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమహేంద్రవరంలో జన్మించింది. తల్లి కృష్ణవేణమ్మ, తండ్రి బెన్నూరి రామారావు. బాల్యం కాకినాడలో గడిచింది. ఎనిమిదేళ్ళ వయస్సులోనే ఆమెకు వివాహం జరిగింది. యుక్తవయస్సు వచ్చిన తరువాత ఆమె ఆ బంధాన్ని నిరాకరించి, భర్తకు మరొక వివాహం చేసుకొనే స్వేచ్ఛనిచ్చి పుట్టింటనే నిలిచిపోయింది. తల్లిదండ్రులు ఆమె నిర్ణయాన్ని మన్నించడం ఆ కాలానికి చాలా అరుదైన విషయం.

జాతీయోద్యమం ఆంధ్రదేశాన్ని ఉర్రూతలూగిస్తున్న రోజులవి. ఆంగ్ల భాషలో బోధన సాగడం రుచించక దుర్గాబాయి బడి మానివేసింది. అప్పటికి ఆమెకు పన్నెండేళ్ళయినా నిండలేదనాలి. బడి మానిన బాలిక చేసిన మొదటి పని మరొక బడిని తెరవడం! తాను నేర్చుకొన్న హిందీని ఇరుగుపొరుగు బాలికలకు, స్త్రీలకు నేర్పేందుకు కాకినాడలో బాలికా హిందీ పాఠశాలను నెలకొల్పింది. 1921లో గాంధీజీ కాకినాడ వచ్చినప్పుడు దేవదాసీలు, ముస్లిం స్త్రీలు ఆయనను దర్శించేందుకు ప్రత్యేకంగా సభ ఏర్పాటు చేయించి, ఆయన హిందీ ప్రసంగాన్ని తెలుగులోకి అనువదించింది.

1923లో కాకినాడలో అఖిల భారత కాంగ్రెసు మహాసభలు జరిగాయి. దేశం నలుమూలల నుండి వచ్చే ప్రతినిధులతో మాట్లాడడానికి హిందీ తెలిసిన స్వచ్ఛంద సేవకులు కావలసివచ్చారు. ఆ అవసరానికి బాలికా హిందీ పాఠశాల ఆదుకొంది. అంతవరకు వీధి మొగం చూడని స్త్రీలు అక్షరాలు నేర్చిన ధైర్యంతో మహాసభా ప్రాంగణంలో బాధ్యతలు నిర్వహించారు. ఖద్దరు ప్రదర్శనశాల ద్వారం వద్ద నిలిచిన దుర్గాబాయి టికెట్టు లేని కారణంగా జవహర్‌లాల్ నెహ్రూను సైతం లోపలికి అనుమతించని ఉదంతం విద్యార్థులకు చిన్న తరగతుల నుండి పరిచితమే. ఆ బాలికకు అంతటి నిబ్బరం ఒక్కనాటిలో అలవడింది కాదు. తనకంటె పెద్దవారికి పాఠం చెబుతూ, బడిని నడుపుతూ, లెక్కలు చూసుకొంటూ సంపాదించుకొన్నది.

1930లో మద్రాసులో ఉప్పు సత్యాగ్రహానికి సారథ్యం వహించి ఆమె కారాగారం పాలయింది. వేలూరు, మదురై జైళ్ళలో శిక్షలు అనుభవించింది. మదురైలో ఏకాంత నిర్బంధం ఆమె ఆరోగ్యాన్ని కుంగదీసింది. అయితే ఆమె మనస్సును అంతకంటె కలచివేసినవి తోటి స్త్రీఖైదీల కథలు. తమపై మోపిన నేరమేమిటో, తాము వేలిముద్ర వేసిన కాగితంలో ఏముందో తెలియనివారు వారిలో ఎందరో ఉన్నారు. చేయని నేరాలను ఒప్పుకొని శిక్ష అనుభవిస్తున్నవారూ ఉన్నారు. వారికి న్యాయం చెప్పాలంటే తాను న్యాయశాస్త్రం చదవాలి. న్యాయశాస్త్రం చదవాలంటే కళాశాల పట్టా ఉండాలి. కళాశాలలో చేరాలంటే మెట్రిక్యులేషను కావాలి. దుర్గాబాయికి అప్పుడు ఇరవై ఏళ్ళు దాటాయి. చేతిలో ఏ పట్టా లేదు. విడుదలైన పిదప ఆమె మొదటి మెట్టునుండి చదువు ప్రారంభించింది.

బడి ఈడు దాటిన స్త్రీని ఏ ఉన్నత పాఠశాలా చేర్చుకొనేది కాదు. కాశీలోని బనారసు హిందూ విశ్వవిద్యాలయం మాత్రం అటువంటి వారికి మెట్రిక్యులేషను పరీక్ష రాసే వీలు కల్పించింది. ఆ దారినే దుర్గాబాయి మెట్రిక్యులేషను, ఇంటర్మీడియట్ పరీక్షలలో ఉత్తీర్ణురాలయింది. ఆపై బి.ఏ. ఆనర్సు కోసం విశాఖపట్టణంలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వెళ్ళింది.

అక్కడ చిత్రమైన చిక్కు ఎదురయింది. ఆమె యోగ్యతను ఎవరూ శంకించలేదు. స్త్రీలకు వసతి గృహం లేదు కనుక చేర్చుకోవడం కష్టమన్నది అధికారుల అభ్యంతరం. వసతి గృహం కట్టాలంటే చదవడానికి వచ్చే స్త్రీలుండాలి. వసతి లేనిదే స్త్రీలు రారు. ఇటువంటి వలయంలో చిక్కుకొని ఆ రోజుల్లో ఎందరి చదువులు ఆగిపోయాయో! తన ఒక్కదాని కోసం మినహాయింపు కోరి ఉంటే దుర్గాబాయికి అది లభించేదేమో. ఆమె ఆ మార్గం పట్టలేదు. వసతి లేక చదువు మానుకొన్న యువతులు ఎవరైనా ఉంటే తనకు తెలియజేయవలసిందిగా పత్రికలో ప్రకటన ఇచ్చింది. కొందరు స్పందించారు. వారందరితో కలిసి ఒక ఇంటిని వసతిగా ఏర్పరచుకొని, ఇక అభ్యంతరమేమున్నదని ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డి ముందు నిలిచింది. అభ్యంతరం వీగిపోయింది. దుర్గాబాయితోపాటు ఆ యువతులకూ కళాశాల ద్వారాలు తెరచుకొన్నాయి.

1939లో ఆమె రాజనీతిశాస్త్రంలో ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణురాలయింది. లండనులో ఉన్నత విద్యనభ్యసించే అవకాశం చేతికందినా, ఆ ఏడే రెండవ ప్రపంచయుద్ధం ఆరంభం కావడంతో అది నెరవేరలేదు. మద్రాసు న్యాయకళాశాలలో చేరి 1942లో పట్టా పుచ్చుకొని న్యాయవాద వృత్తి చేపట్టింది. చెరసాలలో చేసుకొన్న సంకల్పం దాదాపు పదేళ్ళకు ఈడేరింది.

ఈ చదువు సాగుతున్న కాలంలోనే మద్రాసులో మరొక విత్తనం మొలకెత్తింది. 1937లో మైలాపూరులోని తెలుగు కుటుంబాల బాలికలను చేరదీసి దుర్గాబాయి ఒక చిన్న సంఘం స్థాపించింది. దాని పేరు లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్. ఆంగ్లంలో ఉన్న ఆ ముద్దుపేరు వింటే, ఆంగ్ల బోధనపై అలిగి బడి మానిన కాకినాడ బాలిక గుర్తుకు వచ్చి నవ్వు రాక మానదు. పిల్లలు అక్కడ కూడేవారు, ఆడుకొనేవారు, నేర్చుకొనేవారు. చూసేవారికి అది పొద్దుపుచ్చే వేడుకగానే కనిపించి ఉండవచ్చు. అయితే ఇల్లు కదలడానికి సందేహించే ఆడపిల్లకు తన ఈడువారు కూడే చోటికి నిత్యం వెళ్ళిరావడమే ఒక చదువు. బిడ్డను పంపే తల్లిదండ్రులకూ క్రమంగా భయం తీరి నమ్మకం కుదురుతుంది. ఆ నమ్మకం మీదనే ఆంధ్ర మహిళాసభ లేచింది.

బాలికల సంఘంగా మొదలైన సంస్థ చూస్తుండగానే పెద్ద స్త్రీలకూ నెలవయింది. చిన్ననాడే వైధవ్యం ప్రాప్తించినవారు, భర్త విడిచిపెట్టినవారు, పేదరికం వల్ల చదువు అర్ధాంతరంగా ఆగినవారు సభను ఆశ్రయించారు. తన కాళ్ళమీద తాను నిలబడాలన్నది వారి కోరిక. ఉపాధ్యాయినిగానో, నర్సుగానో శిక్షణ పొందాలంటే మెట్రిక్యులేషను తప్పనిసరి. ఇరవై అయిదేళ్ళ స్త్రీ పదేళ్ళ పిల్లల సరసన బల్లమీద కూర్చుని ఏడెనిమిది సంవత్సరాలు చదవగలదా? దుర్గాబాయికి తాను నడిచిన దారి జ్ఞాపకం వచ్చింది. బనారసు మెట్రిక్యులేషను పరీక్షకు తరగతులు ఆరంభించి, సంవత్సరాల పాఠాలను కుదించి బోధించే ఏర్పాటు చేసింది. సభ వసతి కల్పించింది, పాఠం చెప్పింది, పరీక్షకు కూర్చోబెట్టింది. తరువాత వృత్తి శిక్షణకూ దారి చూపింది. ఇందులో ఏ ఒక్కటి లోపించినా తక్కినవి వ్యర్థమయ్యేవి. పుస్తకాలున్నా వసతి లేనిచోట, వసతి ఉన్నా ఆప్యాయంగా పలకరించే తోటివారు లేనిచోట స్త్రీల చదువు ఎలా కుంటుపడుతుందో విశాఖ అనుభవం ఆమెకు ముందే నేర్పింది.

1946లో రాజ్యాంగ నిర్మాణ సభకు ఎన్నికై, అధ్యక్ష స్థానంలో కూర్చుని సభను నడిపే సభ్యుల జాబితాలో చోటు పొందిన ఏకైక మహిళగా ఆమె నిలిచింది. 1952లో ప్రణాళికా సంఘ సభ్యురాలయింది. 1953 జనవరిలో నాటి కేంద్ర ఆర్థికమంత్రి చింతామణ్ ద్వారకానాథ్ దేశ్‌ముఖ్‌ను వివాహమాడింది. అదే సంవత్సరం ఆగస్టులో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమెయే ప్రథమ అధ్యక్షురాలు. మారుమూల గ్రామాలలో స్త్రీలకోసం పనిచేసే స్వచ్ఛంద సంఘాలకు ప్రభుత్వ ధనం అందించడం ఆ మండలి ముఖ్య కార్యం. మైలాపూరులో చందాలకోసం ఇల్లిల్లూ తిరిగిన వ్యక్తికి చిన్న సంఘాల కష్టసుఖాలు మరొకరు చెప్పవలసిన పని లేదు.

1958లో మండలి ఒక కొత్త పథకం చేపట్టింది. బడి మధ్యలో మానిన వయోజన స్త్రీలకు రెండేళ్ళ వ్యవధిలో పాఠ్యాంశాలను కుదించి బోధించి పరీక్షలకు సిద్ధం చేసే పథకమది. మద్రాసులో కొద్దిమందితో మొదలైన బనారసు తరగతులే ఈ విధంగా దేశవ్యాప్తమయ్యాయి. అదే సంవత్సరం స్త్రీవిద్యపై భారత ప్రభుత్వం నియమించిన జాతీయ సంఘానికి దుర్గాబాయి అధ్యక్షత వహించింది. 1959లో వెలువడిన ఆ సంఘ నివేదిక స్త్రీవిద్యను ప్రత్యేక సమస్యగా పరిగణించి, దానికి ప్రత్యేక నిధులు కేటాయించాలని కోరింది. బాలికలకు ఉపకార వేతనాలు, వసతి గృహాలు, ఉపాధ్యాయినులకు నివాసాలు కావాలని సిఫారసు చేసింది. ఉపకార వేతనం జీతం కడుతుంది గాని, ఇల్లు వెడలిన బాలికకు రాత్రి తలదాచుకొనే చోటు చూపదు. జీతానికి, వసతికి నివేదికలో పక్కపక్కనే చోటు దక్కడం యాదృచ్ఛికం కాదు. దాని ఫలితంగా 1959లో జాతీయ మహిళా విద్యామండలి ఏర్పడింది.

ఆంధ్ర మహిళాసభ క్రమంగా మద్రాసునుండి హైదరాబాదుకు విస్తరించి విద్యాలయాలను, వైద్యాలయాలను, శిక్షణ సంస్థలను నెలకొల్పింది. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో సభ పేర మహిళా కళాశాల వెలిసింది. అక్షరాస్యతా వ్యాప్తికి చేసిన సేవకుగాను ఆమెకు నెహ్రూ సాక్షరతా పురస్కారం లభించింది. 1975లో భారత ప్రభుత్వం దంపతులిద్దరినీ ఒకే ఏడాది పద్మవిభూషణ్‌తో సత్కరించింది.

1981 మే 9న దుర్గాబాయి దివంగతురాలయింది. జీవిత చరమదశలో ఆమె రెండు రచనలు చేసింది. భర్తతో గడిపిన జీవితాన్ని, తన జ్ఞాపకాలను ఒక గ్రంథంలో ఇమిడ్చింది. మైలాపూరు బాలికలతో మొదలైన సభ చరిత్రకు మాత్రం వేరొక గ్రంథాన్నే కేటాయించింది.