కర్నల్ మెకంజీ – కావలి సోదరులు

అహోబిలం చరిత్ర వ్రాయబూనినవారు తప్పక చూచే ఆధారాలలో ఆ ఊరి కైఫియత్తు ఒకటి. ఇటువంటి కైఫియత్తులను సేకరింపజేసినవాడు కాలిన్ మెకంజీ దొర.

ఆయన 1754లో స్కాట్లండు దేశపు లూయిస్ ద్వీపంలో జన్మించాడు. 1783లో సైనికోద్యోగిగా మన దేశానికి వచ్చాడు. దేశభాషలు ఆయనకు రావు. ఆ కొరత తీర్చినవారు ఏలూరికి చెందిన కావలి సోదరులు. వెంకట బొర్రయ్య ప్రాచీన శాసనాలను చదువుటలో దిట్ట. ఆయన 1803లో చిన్న వయసులోనే మరణించగా, తమ్ముడు లక్ష్మయ్య ఆ భారం వహించాడు. వారి మనుషులు ఊరూరా తిరిగి, కరణాల కవిలెలు చూచి, వృద్ధులను అడిగి గుడి మాన్యాలు, చెరువులు, పాలెగాండ్ర సంగతులు వ్రాసుకొన్నారు. ఎనిమిదివేలకు పైగా శాసనాలకు నకళ్లు తీశారు.

1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయిన మెకంజీ 1821లో కలకత్తా సమీపాన కన్నుమూశాడు. ఆ పని తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య ప్రార్థించగా, స్వదేశీయుడు అందుకు తగడని కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ త్రోసిపుచ్చింది. సేకరణ ఆగిపోయింది. తరువాత సి.పి. బ్రౌన్ దొర శిథిలమవుతున్న కైఫియత్తులకు నకళ్లు వ్రాయించి కాపాడాడు.

శిలలు అరిగినా వ్రాత నిలిచింది. మన ఊళ్ల పెద్దలు చెప్పే సంగతులను నేడే వ్రాసి ఉంచుదము; వ్రాసినవారి పేర్లను కూడా మరువకుందము.