చార్లెస్ కెట్టరింగ్

చార్లెస్ ఫ్రాంక్లిన్ కెట్టరింగ్ (ఆగష్టు 29, 1876 - నవంబరు 25, 1958) అమెరికాకు చెందిన ప్రసిద్ధ ఇంజనీరు, ఆవిష్కర్త, పారిశ్రామికవేత్త. పెట్రోలు ఇంజనులో సరైన క్షణాన నిప్పురవ్వ పుట్టించే బ్యాటరీ ఇగ్నిషన్ వ్యవస్థను, మోటారు కార్లకు విద్యుత్ స్టార్టరును ఆచరణలోకి తెచ్చినవాడిగా ఇతడు ప్రఖ్యాతి పొందాడు. కార్లలోను, పెట్రోలు పడవలలోను దశాబ్దాల పాటు వాడిన డిస్ట్రిబ్యూటరు ఈ వ్యవస్థలోని భాగమే. తరువాతి కాలంలో డిస్ట్రిబ్యూటరు అవసరమే లేని డీజిల్ ఇంజన్లను పడవలకు, రైళ్ళకు అనువుగా మలచినవారిలో కూడా ఇతడు ముఖ్యుడు. సీసం కలిపిన పెట్రోలు కూడా ఇతడి ప్రయోగశాల నుండే వెలువడింది. ఇతడి పేర 186 పేటెంట్లు ఉన్నాయి.

బాల్యం, విద్య

కెట్టరింగ్ ఒహాయో రాష్ట్రంలోని లౌడన్‌విల్ సమీపంలో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. చిన్నతనం నుండి ఇతడికి కంటిచూపు సరిగా ఉండేది కాదు. కొంతకాలం పల్లెటూరి బడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసి ఆ తరువాత కళాశాలలో చేరాడు. కంటిజబ్బు వలన చదువు మధ్యలో ఆగినప్పుడు టెలిఫోను తీగెలు వేసే బృందంలో పనిచేశాడు. స్తంభాలు పాతడం, తీగెలు లాగడం, చెడిపోయిన పరికరాలను బాగుచేయడం అక్కడే నేర్చుకున్నాడు. సహవిద్యార్థులు పాఠాలు చదివి వినిపించగా, 1904లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం నుండి ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో పట్టా పొందాడు. 1905లో ఆలివ్ విలియమ్స్‌ను వివాహమాడాడు. వీరికి యూజీన్ అనే కుమారుడు కలిగాడు.

డెల్కో స్థాపన

1904లో డేటన్ నగరంలోని నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో చేరిన కెట్టరింగ్, దుకాణాలలో వాడే నగదు లెక్కింపు యంత్రానికి చిన్న విద్యుత్ మోటారును అమర్చాడు. ఆ మోటారు రోజంతా తిరగనవసరం లేదు, కొన్ని క్షణాలు బలంగా తిరిగితే చాలు. ఈ అనుభవమే తరువాత కారు స్టార్టరుకు పునాది అయింది.

ఆ రోజులలో ఇంజనులో నిప్పురవ్వ పుట్టించడానికి మాగ్నెటోలను, లేదా తెరిపి లేకుండా రవ్వలు చిమ్మే కంపన కాయిళ్ళను వాడేవారు. కంపన కాయిళ్ళ వలన బ్యాటరీ త్వరగా ఖర్చయిపోయేది. 1908 ప్రాంతంలో కెట్టరింగ్, సహోద్యోగి ఎడ్వర్డ్ డీడ్స్ ఇంటి వెనుక ఉన్న కొట్టంలో సాయంత్రాలు, సెలవు దినాలలో ప్రయోగాలు చేసి, ఒక్కొక్క పేలుడుకు ఒక్క బలమైన రవ్వ మాత్రమే వచ్చే పద్ధతిని రూపొందించాడు. కాడిలాక్ కంపెనీ అధిపతి హెన్రీ లీలాండ్ దీనిని తన 1910 నమూనా కార్లకు స్వీకరించాడు. 1909లో కెట్టరింగ్, డీడ్స్ కలిసి డేటన్ ఇంజనీరింగ్ లేబొరేటరీస్ కంపెనీని స్థాపించారు. ఈ పేరులోని అక్షరాల నుండే డెల్కో అనే పేరు వచ్చింది.

డిస్ట్రిబ్యూటరు పనితీరు

కెట్టరింగ్ పద్ధతిలో బ్యాటరీ నుండి వచ్చే కరెంటు కాయిల్‌లోని మొదటి చుట్ట గుండా ప్రవహిస్తుంది. డిస్ట్రిబ్యూటరు లోపల తిరిగే క్యామ్ పాయింట్లను విడదీసినప్పుడు ఆ కరెంటు తెగి, కాయిల్‌లోని రెండవ చుట్టలో వేల వోల్టుల పీడనం పుడుతుంది. రోటరు దానిని మూత గుండా ఒక్కొక్క స్పార్క్ ప్లగ్గుకు వంతుల వారీగా అందిస్తుంది. నాలుగు స్ట్రోకుల ఇంజనులో క్రాంక్ షాఫ్టు రెండు చుట్లు తిరిగితే డిస్ట్రిబ్యూటరు ఒక చుట్టు తిరుగుతుంది.

ఈ వ్యవస్థ విశేషం దాని మరమ్మత్తులోని సులభత్వం. పాయింట్లు కాలి గుంటలు పడినా, కండెన్సరు పాడైనా, మూత చీలినా ఇంజను మొరాయిస్తుంది. సాధారణ పనిముట్లున్న మెకానిక్కు మూత తీసి లోపమెక్కడో చూడగలడు. అనేక ఇంజన్లలో పాయింట్ల మధ్య ఖాళీ సుమారు 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. డిస్ట్రిబ్యూటరునే మార్చవలసి వస్తే, ముందుగా మొదటి సిలిండరును కంప్రెషన్ స్ట్రోకు పై కొనకు తెచ్చి, రోటరు ఏ వైపు చూస్తున్నదో గుర్తు పెట్టుకుంటారు. క్రొత్తదానిని అదే స్థితిలో దింపి, తీగెలను ఫైరింగ్ క్రమంలో తగిలించి, చివరగా టైమింగ్ సరిచూస్తారు. డిస్ట్రిబ్యూటరు బయట ఉండగా క్రాంక్ షాఫ్టును కదిలిస్తే ఆ గుర్తు పనికిరాదు, మొదటి నుండి అమర్చవలసిందే.

పడవల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. తేమ వలన, ఉప్పుగాలి వలన లోపలి భాగాలు త్వరగా తుప్పు పడతాయి. అంతకన్న ముఖ్యంగా, మూసి ఉన్న ఇంజను గదిలో పెట్రోలు ఆవిరి అడుగున పేరుకొంటుంది. డిస్ట్రిబ్యూటరులోని రవ్వ ఆ ఆవిరిని అంటుకుంటే పడవ పేలిపోవచ్చు. అందుచేత పడవల డిస్ట్రిబ్యూటర్ల గాలిరంధ్రాలకు మంటను బయటకు పోనీయని సన్నని జాలీ అమర్చుతారు. చూడడానికి ఒకే విధంగా ఉన్నా, కారు డిస్ట్రిబ్యూటరును లోపలి ఇంజను గల పెట్రోలు పడవకు బిగించడం ప్రమాదకరం.

1970ల నుండి పాయింట్ల స్థానంలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వ్యాపించింది. ఆ తరువాత ఒక్కొక్క సిలిండరుకు విడి కాయిల్ రావడంతో డిస్ట్రిబ్యూటరే కనుమరుగైంది. భారతదేశంలో అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని పెట్రోలు కార్లు చాలాకాలం ఈ పాత పద్ధతితోనే నడిచాయి.

స్టార్టరు, జనరల్ మోటార్స్

అప్పట్లో కార్లను చేతితో హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసేవారు. అది వెనక్కు తన్ని చేతులు విరిగిన సంఘటనలు అనేకం. 1911లో కెట్టరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912 నమూనా కాడిలాక్ కార్లలో వచ్చింది. డెల్కో 1916లో యునైటెడ్ మోటార్స్‌లోను, అది 1918లో జనరల్ మోటార్స్‌లోను కలిసిపోయాయి. 1920 నుండి 1947 వరకు కెట్టరింగ్ జనరల్ మోటార్స్ పరిశోధన విభాగానికి అధిపతిగా ఉన్నాడు.

సీసం కలిపిన పెట్రోలు

ఇంజన్లలో టకటకమని శబ్దం వచ్చినప్పుడు కొందరు అందుకు బ్యాటరీ ఇగ్నిషనే కారణమని నిందించారు. అసలు లోపం ఇంధనంలో ఉన్నదని కెట్టరింగ్ భావించి, పరిశోధనను థామస్ మిడ్జ్‌లీకి అప్పగించాడు. 1921 డిసెంబరులో టెట్రాఇథైల్ సీసం ఈ శబ్దాన్ని ఆపుతుందని మిడ్జ్‌లీ కనుగొన్నాడు. 1924లో ఏర్పడిన ఇథైల్ కంపెనీకి కెట్టరింగ్ అధ్యక్షుడయ్యాడు. అదే ఏడాది అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే కర్మాగారంలో ఈ విషపదార్థం సోకి ఐదుగురు కార్మికులు మరణించారు. 1925 మే నెలలో ప్రభుత్వం పిలిచిన సమావేశంలో కెట్టరింగ్ ఈ ఇంధనాన్ని సమర్థించాడు. కొంతకాలం ఆగిన అమ్మకాలు 1926లో తిరిగి మొదలయ్యాయి. సీసపు పొగ పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుందని తరువాతి పరిశోధనలు నిరూపించాయి. భారతదేశంలో కార్లకు సీసం కలిపిన పెట్రోలు 2000లో నిలిచిపోగా, ప్రపంచంలో చివరిగా అల్జీరియాలో 2021లో ముగిసింది.

డీజిల్ ఇంజన్లు

కెట్టరింగ్ తన భార్య పేరు మీద ఆలివ్ కె అనే విలాస నౌకను కట్టించుకుని, అందులోని వింటన్ కంపెనీ డీజిల్ ఇంజన్లను స్వయంగా పరిశీలించేవాడు. బరువు తగ్గించి బలం పెంచితే ఇవి మరిన్ని పనులకు ఉపయోగపడతాయని తలచాడు. 1930లో జనరల్ మోటార్స్ వింటన్ కంపెనీని కొన్నది. ఇతడి నాయకత్వంలో, కుమారుడు యూజీన్ కూడా పాల్గొనగా, రెండు స్ట్రోకుల తేలికపాటి డీజిల్ ఇంజను తయారయింది. అది 1934లో బర్లింగ్టన్ జెఫిర్ రైలును నడిపింది. రెండవ ప్రపంచ యుద్ధంలో ఈ కోవకు చెందిన ఇంజన్లు అమెరికా జలాంతర్గాములలోను, సైనికులను తీరానికి చేర్చే పడవలలోను పనిచేశాయి.

డీజిల్ ఇంజనులో గాలి ఒత్తిడికి పుట్టే వేడితోనే ఇంధనం మండుతుంది. అందుచేత ప్లగ్గులు, పాయింట్లు, డిస్ట్రిబ్యూటరు ఉండవు. తడిసి రవ్వ రాకపోవడమనే సమస్య కూడా లేదు. కొల్లేటి పడవలకైనా, గోదావరి లాంచీలకైనా డీజిల్ ఇంజను బిగిస్తే ఈ సౌలభ్యం లభిస్తుంది.

చివరి సంవత్సరాలు

1945లో జనరల్ మోటార్స్ అధినేత ఆల్ఫ్రెడ్ స్లోన్ విరాళంతో న్యూయార్కులో స్లోన్-కెట్టరింగ్ కాన్సర్ పరిశోధన సంస్థ ఏర్పడింది. పరిశోధనను వ్యవస్థీకరించే బాధ్యత కెట్టరింగ్ స్వీకరించాడు. మరుసటి ఏడాది భార్య ఆలివ్ కాన్సరుతో మరణించింది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం లెడర్లీ ప్రయోగశాలలో రూపొందించిన మెథోట్రెక్సేట్ మందును రక్త కాన్సరుపై తొలినాళ్ళలో పరీక్షించిన చోట్లలో ఈ సంస్థ ఒకటి.

కెట్టరింగ్ 1958 నవంబరు 25న మరణించాడు. డేటన్ పొరుగున ఉన్న కెట్టరింగ్ నగరానికి 1950లలోనే ఇతడి పేరు పెట్టారు. మిషిగన్ రాష్ట్రం ఫ్లింట్‌లోని జనరల్ మోటార్స్ విద్యాసంస్థ 1998లో కెట్టరింగ్ విశ్వవిద్యాలయంగా మారింది.