మొక్కల పేరు లడిగి నేర్చిన వైద్యుడు: విలియం రాక్సుబర్గు

హంద్రి యొడ్డున నున్న మన కోడుమూరు సీమకు వానలు తక్కువ. ఏ చెట్టు ఎండకు నిలుచునో, ఏ యాకు ఏ నొప్పికి పనికివచ్చునో ఇచటి పెద్దలకు తెలిసిన దెల్ల పుస్తకముల కెక్కలేదు. ఈ సంగతిని రెండువందల యేండ్లకు పూర్వమే గ్రహించి, తెలుగు పల్లెలనే తన పాఠశాలగా జేసికొనిన యొక వైద్యుని చరిత్రమును మన విద్యార్థులకు తెలుపుచున్నాము.

విలియం రాక్సుబర్గుగారు 1751 వ సంవత్సరమున స్కాట్లండు దేశమున జన్మించిరి. ఎడింబరో నగరమున వైద్యమును, వృక్షశాస్త్రమును నేర్చి, 1776 లో తూర్పు ఇండియా కంపెనీవారి వైద్యుడుగా చెన్నపట్టణము చేరిరి. 1781 లో నేటి కాకినాడ జిల్లాలోని సామర్లకోటకు వచ్చి, అచట తోట వేసి, మిరియము, సీమపనస, మల్బరీ మొదలగువానిని పెంచి పరీక్షించిరి. 1787 లో సముద్రతీరమున వచ్చిన ఉప్పెనలో వారి పుస్తకములును, వ్రాతలును నశించెను. ఐనను వారు నిరాశపడక మొదటినుండి మరల ఆరంభించిరి.

వారి పద్ధతి మిక్కిలి సులభమైనది. మొక్క కనబడినపుడు దానిని ఈ దేశపువారు ఏమందురో, దేనికి వాడుదురో అడిగి వ్రాసికొనుచుండిరి. స్థానిక చిత్రకారులచేత బొమ్మలు వ్రాయించిరి. వానిలో 300 బొమ్మలు 1795 మొదలు 1820 వరకు లండనులో మూడు సంపుటములుగా అచ్చుపడెను. వానిలో పెక్కు మొక్కలకు తెలుగు పేరులు గలవు. ఏటికొప్పాక బొమ్మలు చేయు అంకుడు చెట్టు ఆకులనుండి నీలిరంగు తీయవచ్చునని వారు చూపిరి. సోమిద చెట్టు బెరడు జ్వరములకు సింకోనా బెరడువలె పనిచేయునేమోయని పరీక్షించి, దానిని ఎడింబరో వైద్యులకు పంపిరి. ఆ చెట్టు శాస్త్రనామమైన సోయ్మిడా అను మాట మన తెలుగు మాటనుండి పుట్టినదే.

1789 మొదలు కొన్నియేండ్లు వానలు లేక ఉత్తర సర్కారులలో ఘోరమైన కరవు వచ్చి, లెక్కలేని జనులు మడిసిరి. ఆకలికి మందు వైద్యుని సంచిలో లేదు. కావున కొబ్బరి, తాటి, పనస, అరటి మొదలగువానిని విరివిగా నాటించిన యెడల పంటలు పోయిన యేట ప్రజలకు ఆధారముండునని వారు ప్రభుత్వమునకు వ్రాసిరి. కరవు నెరిగిన మన సీమవారికి ఈ మాట విలువ వేరుగా చెప్ప నక్కరలేదు.

1793 లో వారు కలకత్తా వృక్షోద్యానమునకు అధికారియైరి. అచట శ్రీరామపురపు మిషనరీ విలియం కేరీగారితో స్నేహము కలిగెను. కుంభిచెట్టు జాతికి కేరీగారి పేరు పెట్టినది వీరే. రాక్సుబర్గుగారు 1813 లో స్వదేశమునకు మరలి, 1815 లో మరణించిరి. వారు వ్రాసియుంచిన భారతవృక్షగ్రంథమును కేరీగారు శ్రీరామపురమున అచ్చువేయించి 1832 లో ముగించిరి.

ఒక లోపమును దాచరాదు. ఈ కృషి కంపెనీవారి లాభమును గూడ కోరినది. బొమ్మలు వ్రాసిన చిత్రకారుల పేరులుగాని, మొక్కల గుణములు చెప్పిన పల్లెవారి పేరులుగాని ఆ సంపుటములలో నిలువలేదు.

ఆ లోపమును మన విద్యార్థులు తీర్పగలరు. బడితోటలో నొక మొక్కను నాటి, నీరుపోసి పెంచుడు. దాని పేరును, ఉపయోగమును మీ యవ్వనో తాతనో అడిగి వ్రాయుడు. దాని క్రింద చెప్పినవారి పేరు గూడ మరువక వ్రాయుడు.