తండ్రి భుజముపై విన్న తరంగము: ఘంటసాల వేంకటేశ్వరరావుగారి జీవితము

పెద్దలు పిల్లలకు విడిచిపోవు ఆస్తులు రెండు విధములు. పొలము, పుట్ర, ఇల్లు, వాకిలి మొదలగునవి మొదటి విధము. వీనిని దస్తావేజులలో వ్రాసి రిజిస్ట్రీ చేయింపవచ్చును, అన్నదమ్ములు పంచుకొనవచ్చును, అప్పులవారు జప్తు చేయింపవచ్చును. రెండవ విధమైన ఆస్తి కుంటలకు, సెంట్లకు లొంగునది కాదు. తండ్రి తనకు ప్రీతియైన దానిని బిడ్డతో కలిసి అనుభవించుచు, ఆ ప్రీతిని బిడ్డ మనస్సున నాటిపోవుటయే ఆ ఆస్తి. దానికి దాయాదులు లేరు. దానిని వేలము వేయగల న్యాయస్థానమును లేదు. తన కంఠముతో తెలుగువారి ప్రతి యింటికిని బంధువైన ఘంటసాల వేంకటేశ్వరరావుగారికి తండ్రివలన సంక్రమించినది ఈ రెండవ విధమైన ఆస్తి మాత్రమే. కొల్లేటి కీవల మన గణపవరము, ఆవల గుడివాడ సీమ. కనుక వారు మనకు పొరుగువారు. పొరుగువారి యింటి మంచిమాటను మన గ్రంథాలయ రజతోత్సవ సంచికలో చెప్పుకొనుట ఉచితమని తలంచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఘంటసాలవారు 1922వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీన కృష్ణాజిల్లాలో గుడివాడకు సమీపమున నున్న చౌటపల్లి గ్రామమున జన్మించిరి. తల్లి రత్తమ్మగారు, తండ్రి సూరయ్యగారు. సూరయ్యగారు కలవారు కారు. మృదంగము చక్కగా వాయించెడివారు, భక్తితో పాడెడివారు. నారాయణతీర్థులవారి శ్రీకృష్ణలీలాతరంగిణి యనిన వారికి ప్రాణము. శ్రీకృష్ణుని అవతారము మొదలు రుక్మిణీకల్యాణము వరకు గల కథను పండ్రెండు తరంగములుగా సంస్కృతమున కూర్చిన గేయకావ్యమది. సంస్కృతము చదువని మన పల్లెవారు సైతము తరతరములుగా దానిని భజనలలో పాడుకొనుచు, కన్నులు చెమర్చ వినుచు వచ్చిరి. మన కూచిపూడివారు పళ్ళెపు అంచున నిలిచి ఆడు తరంగము కూడ ఆ కావ్యములోనిదే.

సూరయ్యగారు భజనలకును, సంగీతసభలకును వెళ్ళునపుడు కుమారుని ఇంటివద్ద విడిచి పోలేదు. భుజములపై ఎక్కించుకొని తీసికొనిపోయెడివారు. తండ్రి తరంగము పాడుచుండగా పిల్లవాడు ఆ పాటకు అనుగుణముగా అడుగులు వేయుచు నృత్యము చేసెడివాడు. చూచినవారు ముచ్చటపడి ఆ బాలుని బాలభరతుడని పిలిచెడివారట. తండ్రి పాట, కొడుకు ఆట. ఒకరు లేనిచో రెండవవారికి లోటు. ఆ యింట సంగీతము పాఠముగా మొదలు కాలేదు, ఆటగా మొదలైనది.

ఇచ్చట మనము ఒక విషయము గమనింపవలెను. ఎదుట కూర్చుండబెట్టి బెత్తము పట్టుకొని చెప్పిన పాఠము బిడ్డకు చెవులలో నుండును. భుజముపై నున్న బిడ్డకు తండ్రి పాడు పాట చెవులకంటె ముందు శరీరమునకు తెలియును. తండ్రి ఊపిరి ఎచ్చట నిలిచెనో, ఎచ్చట తాళము పడెనో, ఏ మాటవద్ద గొంతు గద్గదమయ్యెనో బిడ్డకు అడుగకయే తెలియును. దానిని ఎవరును విద్య యని పిలువరు. కాని విద్య మొలకెత్తుటకు తగిన పదును ఆ నేలకే యుండును.

అయితే ఈ భాగ్యము ఎక్కువ కాలము నిలువలేదు. బాలునకు పదునొకండవ యేట సూరయ్యగారు పరలోకగతులైరి. అంత్యదినములలో వారు కుమారుని చేరబిలిచి, సంగీతముయొక్క గొప్పతనమును వివరించి, గొప్ప విద్వాంసుడవు కావలసినదని కోరిరి. పదునొకండేండ్ల పసివాని కది ఎంతటి బరువో మనము ఊహింపవచ్చును. కోరిక తీర్చుటకు గురువు లేడు, ధనము లేదు, దారి చూపువారు లేరు. ఇల్లు గడచుటయే కష్టమైనది. రత్తమ్మగారి తమ్ముడు ర్యాలి పిచ్చిరామయ్యగారు ఆ కుటుంబభారమును వహించిరి. మేనమామ అన్నము పెట్టగలిగెను గాని, తండ్రి కోరిన సంగీతమును ఎక్కడనుండి తెచ్చి పెట్టగలడు?

తండ్రివలన అబ్బిన ప్రీతి యొక్కటియే చాలునని ఆ బాలుడు మొదట భ్రమపడెను కాబోలు. సమీపగ్రామమున జరిగిన ఉత్సవములలో విద్వాంసులతో పోటీపడి పాడి, ఓడిపోయి, నలుగురిలో నవ్వులపాలయ్యెను. ఆ పరాభవము అతనికి మేలే చేసెను. సంగీతమును ప్రేమించుట వేరు, సంగీతము తెలియుట వేరు అని ఆ దినమున తెలిసివచ్చెను. ప్రేమ లేనివాడైనచో ఆ నవ్వులతో పాట మానివేసి వేరొక పని చూచుకొని యుండును. ఇతడు మానలేదు. విద్వాంసుల యిండ్ల కేగి, ఒక యింట బట్టలుదికి, మరియొక యింట వంటచేసి, చేసిన చాకిరికి బదులుగా కీర్తనలు నేర్వబూనెను. ఇట్లు రెండేండ్లు గడచెను. నేర్చినది స్వల్పము, పడిన శ్రమ విస్తారము.

ఆ రోజులలో ఆంధ్రదేశమున సంగీతమునకై ప్రసిద్ధమైన కళాశాల విజయనగరమున నుండెను. 1919లో విజయనగర మహారాజావారు దానిని స్థాపించిరి. ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రథమాధ్యక్షులు. వారి తరువాత 1936లో ఫిడేలు విద్వాంసులు ద్వారం వేంకటస్వామినాయుడుగారు అధ్యక్షులైరి. ఆ కళాశాల మాట విని, మన బాలుడు తనకున్న ఉంగరమును అమ్మివేసి, ఆ డబ్బుతో విజయనగరము చేరెను. తీరా చేరుసరికి వేసవి సెలవులు, కళాశాల మూసియున్నది. నాయుడుగారు దయతలచి ఆవరణలో నుండుటకు అనుమతించిరి. వారములు చేసికొని, రోజు కొకరి యింట భుజించుచు అతడు కాలము గడపుచుండెను. ఇంతలో తోటి విద్యార్థులు చేసిన తప్పునకు అతనిపై నింద పడి, ఆ నీడయు పోయెను. వారములిచ్చిన ఇండ్లును మూతపడెను. చివరకు అమ్మవారి గుడిలో తలదాచుకొనవలసి వచ్చెను.

అట్టి సమయమున అతనిని చేరదీసిన మహానుభావులు పట్రాయని సీతారామశాస్త్రిగారు. సాలూరు చినగురువుగారని వారికి ప్రసిద్ధి. వారును పేదవారే. శిష్యునకు విద్య ఉచితముగా నీయగలిగిరి గాని, నిత్యము భోజనము పెట్టు శక్తి వారికి లేకుండెను. కనుక శిష్యుడు భుజమునకు జోలె తగిలించుకొని మాధుకరమునకు పోయెడివాడు. వీధివీధిని తిరిగి, నలుగురు తల్లులు పెట్టిన అన్నమును తెచ్చుకొని తిని, మరల పాఠమునకు కూర్చుండెడివాడు. ఒకనాడు తండ్రి భుజముపై నెక్కి సభలకు పోయిన బాలుడు, అదే పాటకొరకు తన భుజముపై జోలె మోసెను. తండ్రి నాటినది ఎంత లోతునకు వేరూనినదో తెలియుటకు ఇంతకంటె నిదర్శన మేమి కావలెను?

తండ్రి ప్రీతి నిచ్చెను. గురువు క్రమము నిచ్చెను. శ్రుతి నిలుపుట, స్వరస్థానములు తెలియుట, గొంతును సాధనచేత లొంగదీయుట శాస్త్రిగారి శిక్షణవలన అబ్బినవి. అటుపిమ్మట కళాశాలలో చేరి, నాలుగేండ్ల చదువును రెండేండ్లలో ముగించుకొని, ఘంటసాలవారు విద్వాంసులై చౌటపల్లికి మరలివచ్చిరి. ఉత్సవములలోను, పెండ్లిండ్లలోను పాడుచు, పిల్లలకు పాఠములు చెప్పుచు జీవించిరి. 1942లో క్విట్ ఇండియా ఉద్యమమున పాల్గొని, బళ్ళారి అలీపురము చెరసాలలో శిక్ష అనుభవించిరి. 1944 మార్చి 4వ తేదీన సావిత్రిగారిని వివాహమాడిరి. ఆ పెండ్లిలో పాటకచేరి చేసినవారు పెండ్లికుమారులే యగుట ముచ్చటైన విషయము.

తరువాతి కథ మనలో పెక్కురకు తెలిసినదే. సముద్రాల రాఘవాచార్యులవారి ప్రోత్సాహముతో మదరాసు చేరి, కొంతకాలము కష్టములు పడి, మొదట రేడియోలోను, పిమ్మట చలనచిత్రములలోను ప్రవేశించిరి. 1945లో విడుదలయైన స్వర్గసీమలో పాడిరి. 1949లో మనదేశము, కీలుగుఱ్ఱము చిత్రములకు సంగీతము కూర్చిరి. 1951లో పాతాళభైరవి, 1957లో మాయాబజారు వెలువడిన పిదప వారి పేరు తెలియని తెలుగుపల్లె లేకపోయెను. 1970లో భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదమిచ్చి గౌరవించెను. 1971లో అమెరికా, ఐరోపా దేశములకు వెళ్ళి అచ్చటి తెలుగువారికి పాట వినిపించిరి.

ఇన్ని విజయములలోను ఆ పాత తరంగము జాడ కానవచ్చుచునే యుండెను. ఆయన పద్యము చదివిన తీరు చూడుడు. పూర్వము నాటకములలో పద్యమునకు రాగము ఎంత దీర్ఘముగా తీసిన అంత గొప్ప. ఆ రాగపు వెల్లువలో పద్యభావము మునిగిపోయిన దినములు లేకపోలేదు. ఘంటసాలవారు రాగమును మాటకు సేవకునిగా నిలిపిరి. ఏ పదమువద్ద ఆగవలెనో ఆ పదమువద్ద ఆగిరి. భావ మెంత కోరునో అంత రాగమే పలికిరి. కరుణశ్రీగారి పుష్పవిలాపము చదువురాని వారికి సైతము కంట తడి పెట్టించినదనిన కారణ మిదియే. భజనలో తరంగము పాడువానికి కావలసినదియు ఇదే కదా! పాడువాని నేర్పు వెనుకకు పోయి, వినువాని యెదుట కృష్ణుడు నిలువవలెను. గురువు నేర్పిన శాస్త్రము ఆ మార్గమును చక్కజేసినది. దానిపై మొదట నడిపించినవారు మాత్రము సూరయ్యగారని మేము నమ్ముచున్నాము.

గురువుగారి కుమారులు పట్రాయని సంగీతరావుగారి మాటయు ఇచ్చట చెప్పవలెను. వారును తండ్రియొద్దనే సంగీతము నేర్చి, పిమ్మట మదరాసులో ఘంటసాలవారికి సహాయకులుగా, కచేరీలలో హార్మోనియము విద్వాంసులుగా చిరకాలము మెలగిరి. నూరేండ్లు జీవించి 2021లో కీర్తిశేషులైరి. ఒక తండ్రి తన బిడ్డకు ఇచ్చిన ప్రీతియు, వేరొక తండ్రి తన బిడ్డకును పరబిడ్డకును సమానముగా పంచిన విద్యయు, ఈ ఇరువురి కలయికవలన తెలుగుపాటలో ఒక్కటైనవి.

జీవితాంతమున ఘంటసాలవారు భగవద్గీతా శ్లోకములను తెలుగు తాత్పర్యముతో గానము చేసి రికార్డు చేయించిరి. అప్పటికే ఆరోగ్యము క్షీణించి యుండెను. 1974 ఫిబ్రవరి 11వ తేదీన, ఏబదియొక యేండ్ల వయస్సున, వారు మదరాసులో స్వర్గస్థులైరి. గీతాగానము వారి మరణానంతరమే లోకమునకు వినవచ్చెను. శ్రీకృష్ణుని లీలలు పాడు తండ్రి భుజముపై మొదలైన ఆ గానము శ్రీకృష్ణుని ఉపదేశముతో పూర్తియైనది. సూరయ్యగారు కోరిన కోరికను కుమారుడు ఏ కొరతయు లేకుండ తీర్చెను. తండ్రి దానిని కన్నులార చూడలేకపోవుట యొక్కటియే ఈ కథలోని దుఃఖము.

చదువరులారా! మన బిడ్డలందరును ఘంటసాలలు కానవసరము లేదు, కాలేరు కూడ. సూరయ్యగారును తన బిడ్డ ఇంతవాడగునని ఎరిగి భుజమున కెత్తుకొనలేదు. తనకు పాట ఇష్టము, బిడ్డ ఇష్టము. రెండిష్టములను ఒక్కచోట చేర్చెను, అంతియే. ఆ పని కలవారును చేయవచ్చును, లేనివారును చేయవచ్చును. పొలమునుండి వచ్చిన తండ్రి సాయంకాలము గ్రంథాలయమునకు వచ్చునపుడు బిడ్డను వేలు పట్టుకొని వెంట తీసికొనిరావచ్చును. తనకు నచ్చిన పుస్తకము తాను చదువుచు, బొమ్మల పుస్తకము బిడ్డ చేతి కీయవచ్చును. పాట ఇష్టమైనచో పాటయే, పద్య మిష్టమైనచో పద్యమే కలిసి వినవచ్చును. అర్థము చెప్పనక్కరలేదు, పరీక్ష పెట్టనక్కరలేదు. ప్రక్కన కూర్చుండిన చాలును. తండ్రికి దేనియందు ప్రేమ కలదో బిడ్డ కనిపెట్టక మానదు. మనము బిడ్డప్రక్కన ఎన్నాళ్ళు కూర్చుండగలమో మన చేతిలో లేదు. సూరయ్యగారికి దొరికినవి పదునొకండేండ్లు మాత్రమే. అవి చాలినవి.