మంత్రి ముందు బంటు.. మాజీ విశ్వవిజేత ఓటమి: సుల్తాన్ ఖాన్ కథ

ఇంగ్లాండ్‌లోని హేస్టింగ్స్‌లో 1930-31 చదరంగం టోర్నమెంట్. ఒకవైపు 1921 నుంచి 1927 వరకు ప్రపంచ విజేతగా ఉన్న క్యూబా ఆటగాడు కాపాబ్లాంకా. ఎదురుగా తెల్ల పావులతో పంజాబ్ నుంచి వెళ్లిన మీర్ సుల్తాన్ ఖాన్. గుర్రంతో ఆట మొదలుపెట్టిన సుల్తాన్ ఖాన్ రెండో ఎత్తులో మంత్రి ముందు బంటును రెండు గళ్లు ముందుకు నెట్టారు. కాపాబ్లాంకా క్వీన్స్ ఇండియన్ పద్ధతిలో బదులిచ్చారు. అరవైకి పైగా ఎత్తులు సాగిన పోరులో చివరికి ఓడింది మాజీ విశ్వవిజేతే.

ఆ రెండు గళ్ల ఎత్తే సుల్తాన్ ఖాన్‌కు కొత్త. ఆయన చిన్నప్పుడు తండ్రి దగ్గర నేర్చుకున్న దేశవాళీ చదరంగంలో బంటు ఒక్క గడే కదులుతుంది. పాశ్చాత్య నిబంధనలు, ప్రారంభ ఎత్తుల పుస్తక జ్ఞానం పెద్దయ్యాక అలవరచుకోవాల్సి వచ్చింది. ఆ లోటును ఆట మధ్యలో, చివర్లో చూపే ఓర్పుతో పూడ్చుకున్నారు.

ఇప్పుడు పాకిస్థాన్‌లో ఉన్న మిఠా తివానా ఆయన సొంతూరు. ఆయన ప్రతిభను గుర్తించిన జమీందారు సర్ ఉమర్ హయాత్ ఖాన్ చేరదీశారు. 1928లో అఖిల భారత విజేతగా నిలిచిన సుల్తాన్ ఖాన్, 1929లో ఆయన వెంట లండన్ వెళ్లారు. అదే ఏడాది బ్రిటిష్ టైటిల్ గెలిచారు. 1932, 1933లలోనూ అదే ఫలితం. మూడు ఒలింపియాడ్లలో ఇంగ్లాండ్ తరఫున మొదటి బోర్డుపై ఆడారు. 1931లో టార్టకోవర్‌తో మ్యాచ్ నెగ్గారు. పాశ్చాత్య రచయితలు ఆయనను జమీందారు సేవకుడిగా చిత్రించారు. ఆ మాటను కుటుంబీకులు ఖండించారు.

1933 చివర్లో ఉమర్ హయాత్ ఖాన్‌తో పాటే స్వదేశానికి తిరిగొచ్చారు. అంతర్జాతీయ ఆట అక్కడితో ముగిసింది. సొంత పొలం చూసుకుంటూ శేష జీవితం గడిపి, 1966లో సర్గోధాలో క్షయవ్యాధితో కన్నుమూశారు.

అంతర్జాతీయ చదరంగ సమాఖ్య 1950లో గ్రాండ్‌మాస్టర్ హోదాలు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, ఆట మానేసి ఏళ్లు గడిచిన రూబిన్‌స్టెయిన్‌కూ ఆ గౌరవం దక్కింది. అదే రూబిన్‌స్టెయిన్‌ను 1931 ప్రాగ్ ఒలింపియాడ్‌లో ఓడించిన సుల్తాన్ ఖాన్‌కు మాత్రం దక్కలేదు. అప్పటికి ఆయన బతికే ఉన్నారు. గౌరవ గ్రాండ్‌మాస్టర్ హోదా 2024లో వచ్చింది. అందుకోవడానికి ఆయన లేరు.